స్కాన్ క్లీన్ అని వచ్చినా ఇంకొక్క చోట చూడండి: ఇంటి కంప్యూటర్‌కి యాంటీ స్పైవేర్

పోయిన వేసవిలో మల్కాజిగిరిలో ఉండే మా పిన్ని ఫోన్ చేసింది. ఆవిడ ఇంట్లోనే కూర్చుని పెళ్లి కార్డులు, గృహప్రవేశం కార్డులు, ఫ్లెక్సీలు డిజైన్ చేసి ప్రెస్‌కి పంపిస్తుంటుంది. "నాన్నా, నా పేజీలో నేను పెట్టని పోస్టులు వస్తున్నాయిరా, పొద్దున్నుంచి అందరూ ఫోన్లు చేస్తున్నారు, ఒకసారి వచ్చి చూడవా" అంది. వెళ్లి చూస్తే కార్డుల డిజైన్లు ఉండాల్సిన పేజీ నిండా క్రిప్టో పెట్టుబడుల ప్రకటనలు. పాస్‌వర్డ్ అప్పటికే రెండుసార్లు మార్చిందట, అయినా ఆగలేదు. మూడేళ్లు కష్టపడి ఒక్కో కస్టమర్‌ని కూడబెట్టుకున్న పేజీ అది, ఆవిడ మొహం చూస్తే నాకే ఏడుపొచ్చింది.

విండోస్‌లో ఉన్న సెక్యూరిటీతోనే ఫుల్ స్కాన్ పెట్టాం. నాలుగు నిమిషాల్లో అయిపోయింది. పచ్చ టిక్కు, థ్రెట్స్ సున్నా.

ఆ నాలుగు నిమిషాల దగ్గరే నాకు అనుమానం వచ్చింది. ఫోటోలు, డిజైన్ ఫైళ్లతో నిండిపోయిన పాత ల్యాప్‌టాప్, ఫుల్ స్కాన్ అంటే గంటకు పైనే పట్టాలి. అప్పుడు సెట్టింగ్స్‌లో ఎక్స్‌క్లూజన్స్ అనే పేజీ తెరిచాను. స్కాన్ చేయకుండా వదిలేయాల్సిన ఫోల్డర్ల పేర్లు అక్కడ ఉంటాయి, మామూలు ఇంటి కంప్యూటర్‌లో అది ఖాళీగా ఉండాలి. పిన్ని ల్యాప్‌టాప్‌లో ఒకే ఒక్క లైను ఉంది: సి డ్రైవ్. అందులో ఏదో ఫోల్డర్ కాదు, డ్రైవ్ మొత్తం. ఉన్నదే ఆ ఒక్క డ్రైవ్. అంటే కాపలావాడికి "ఈ ఇంట్లోకి తొంగి చూడకు" అని ఎవరో చెప్పి పెట్టారు, వాడు బుద్ధిగా బయటే నిలబడి అంతా బాగుందని చెప్తున్నాడు.

చెప్పి పెట్టింది ఎవరంటే, తెలిసినవాళ్లెవరో పెన్‌డ్రైవ్‌లో ఇచ్చిన తెలుగు డీటీపీ సాఫ్ట్‌వేర్ క్రాక్, అంటే డబ్బు కట్టకుండా వాడుకునేలా చేసిన దొంగ కాపీ. ఇన్‌స్టాల్ చేసేముందు యాంటీవైరస్ ఆఫ్ చేయమని దాంతోపాటు ఒక టెక్స్ట్ ఫైల్ ఉంది, ఆవిడ ఆఫ్ చేసింది, తర్వాత అడ్మిన్ పర్మిషన్ (కంప్యూటర్‌లో ఏదైనా మార్చే అనుమతి) అడిగితే యెస్ కొట్టింది. ఇంటి దొంగను ఈశ్వరుడైనా పట్టలేడన్నది ఇలాంటివాటి గురించే. మనమే తలుపు తీసి లోపల కూర్చోబెట్టాక ఎంత ఖరీదైన సాఫ్ట్‌వేర్ అయినా ఏం చేస్తుంది?

అందుకే, ఏది కొనాలి అని నన్ను అడిగినవాళ్లందరికీ నేను మొదట చెప్పేది, కొనడం తర్వాత చూద్దాం, ముందు మీ కంప్యూటర్‌లో ఇప్పటికే ఉన్నదాన్ని సరిగ్గా వాడుతున్నారో లేదో చూసుకోండి అని.

స్పైవేర్ ఏం చేస్తుంది

వైరస్ అంటే కంప్యూటర్ పాడైపోవడం, ఫైళ్లు పోవడం అని మనకి పాత భయం ఒకటుంది. స్పైవేర్ అలా కాదు, కంప్యూటర్ బాగా నడవాలనే కోరుకుంటుంది, ఎందుకంటే మీరు హాయిగా పని చేసుకుంటుంటేనే దానికి గిట్టుబాటు. మీరు కొట్టే ప్రతి అక్షరాన్నీ రాసుకునే కీలాగర్లు ఒక రకం. సెర్చ్ పేజీని మార్చేసి, వెళ్లిన ప్రతి సైట్‌నీ గమనించి యాడ్స్ చూపించే యాడ్‌వేర్ ఇంకో రకం. ఇంట్లోవాళ్లో, దగ్గరివాళ్లో మనమీద నిఘా కోసం పెట్టే ప్రోగ్రామ్‌లు కూడా ఉంటాయి.

వీటన్నిటికన్నా నన్ను ఎక్కువ భయపెట్టేవి ఇన్ఫోస్టీలర్లు. ఇవి నెలల తరబడి కూర్చోవాల్సిన పని కూడా లేదు, ఒక్కసారి నడిస్తే చాలు, బ్రౌజర్‌లో సేవ్ చేసిన పాస్‌వర్డ్‌లూ, కార్డు వివరాలూ, కుకీలూ మూటగట్టి పంపించేస్తాయి. కుకీ గురించి కొంచెం చెప్పాలి. మీరు మెయిల్‌లో ఒకసారి లాగిన్ అయ్యాక రోజూ పాస్‌వర్డ్ అడగదు కదా, ఎందుకంటే "ఈయన లాగిన్ అయ్యే ఉన్నారు" అని చెప్పే ఒక చీటీ మీ బ్రౌజర్ దగ్గర ఉంటుంది. ఆ చీటీ దొంగ చేతికి చిక్కితే వాడికి పాస్‌వర్డూ అక్కర్లేదు, ఓటీపీ కూడా అక్కర్లేదు. పిన్ని రెండుసార్లు పాస్‌వర్డ్ మార్చినా ఎందుకు ఆగలేదంటే, ఒకటి ఈ చీటీ, రెండోది ఆ కొత్త పాస్‌వర్డ్ కూడా అదే ల్యాప్‌టాప్‌లో కూర్చుని కొట్టడం.

ఏది పెట్టుకోవాలి

విండోస్ 10, 11 వాడేవాళ్లకి డిఫెండర్ వచ్చే ఉంటుంది, పిన్ని ల్యాప్‌టాప్‌లో స్కాన్ పెట్టింది దీంతోనే. చాలామంది దీన్ని ఉచితంగా పడేసిన నాసిరకం సరుకు అనుకుంటారు, అది పాతకాలం మాట. నిజానికి ఇది పుట్టిందే యాంటీ స్పైవేర్‌గా. 2004 డిసెంబర్‌లో మైక్రోసాఫ్ట్ జెయింట్ అనే చిన్న కంపెనీని కొని, వాళ్ల యాంటీ స్పైవేర్‌ని తనదిగా చేసుకుంది, 2006లో దానికి విండోస్ డిఫెండర్ అనే పేరుతో పూర్తి వెర్షన్ వచ్చింది. అప్పట్లో అది స్పైవేర్‌ని మాత్రమే చూసేది, 2012లో విండోస్ 8తో వైరస్‌లు కూడా పట్టే పూర్తి స్థాయి సాఫ్ట్‌వేర్ అయింది. ఇప్పుడు యాంటీవైరస్, యాంటీ స్పైవేర్ అని విడివిడిగా కొనాల్సిన పని లేదు, పేరు కలిగిన ఏ యాంటీవైరస్ అయినా రెండు పనులూ చేస్తుంది. ఎవరైనా "యాంటీవైరస్ ఉంది సరే, యాంటీ స్పైవేర్ వేరేగా పెట్టుకోవాలి" అని అమ్మబోతే డబ్బులు జేబులోనే ఉంచుకోండి.

పోల్చి చూసుకోవాలంటే జర్మనీలో మాగ్డెబర్గ్‌లో ఉన్న ఏవీ టెస్ట్, ఆస్ట్రియాలో ఇన్స్‌బ్రుక్‌లో ఉన్న ఏవీ కంపారెటివ్స్ అనే, యాంటీవైరస్‌లని పరీక్షించే రెండు సంస్థల ఫలితాలు చూడండి. ఏవీ టెస్ట్ రక్షణకి 6, స్పీడ్‌కి 6, వాడకానికి 6, మొత్తం 18 పాయింట్లకి మార్కులు వేస్తుంది. వాడకం అనే మూడో దాన్ని తేలిగ్గా తీసుకోవద్దు, మంచి ఫైళ్లని కూడా దొంగలని అరిచే సాఫ్ట్‌వేర్‌కి అక్కడే మార్కులు పోతాయి. అస్తమానం ఉత్తపుణ్యానికి అరిచేదాన్ని రెండు వారాల్లో మనమే ఆఫ్ చేసేస్తాం.

ఇక కొంటాం అనేవాళ్లు. ఇంట్లో పిల్లలు వాడే కంప్యూటర్, పేరెంటల్ కంట్రోల్స్ కావాలి, ఏదైనా అయితే ఫోన్ చేసి అడగడానికి మనిషి కావాలి అనుకుంటే కొనుక్కోవచ్చు, తప్పేం లేదు. పుణెలోని క్విక్ హీల్, చెన్నైలోని కె7 మన దేశం కంపెనీలే. సికింద్రాబాద్ పార్క్ లేన్‌లో సీటీసీ అనే కంప్యూటర్ షాపుల కాంప్లెక్స్‌కి వెళ్తే బాక్సులు వరసగా పేర్చి ఉంటాయి. అక్కడ కొనేటప్పుడు సీల్ చూసుకోండి, ఎన్ని కంప్యూటర్లకి ఎన్నేళ్లకి అన్నది బాక్స్ మీద చదువుకోండి, బిల్లు అడిగి తీసుకోండి, చీటీ మీద రాసిచ్చే కీలు మాత్రం ఎంత చవకైనా వద్దు. ఆన్‌లైన్‌లో కొంటే మొదటి ఏడాది ధర చూసి మురిసిపోకుండా రెండో ఏడాది రెన్యువల్ ఎంతో అప్పుడే చూసి, ఆటో రెన్యువల్ అక్కర్లేకపోతే తీసేయండి.

ఏది కొన్నా ఒక్కటే ఉంచండి. రియల్ టైమ్‌లో కాపలా కాసేవి రెండు పెడితే ఒకదాని మీద ఒకటి అనుమానపడి కంప్యూటర్‌ని నత్తనడక నడిపిస్తాయి. వేరేది పెట్టగానే డిఫెండర్ తనంతట తానే పక్కకి తప్పుకుంటుంది. తెలియాల్సిన విషయం ఏంటంటే, కొత్త ల్యాప్‌టాప్‌తో వచ్చిన ట్రయల్ యాంటీవైరస్ గడువు అయిపోయి ఏడాదైనా అలాగే కూర్చున్న కంప్యూటర్లు నేను చాలా చూశాను. వాడని దాన్ని అన్‌ఇన్‌స్టాల్ చేసేయండి, చేశాక డిఫెండర్ మళ్లీ ఆన్ అయిందో లేదో ఒకసారి చూడండి.

ఉచితం అన్నదల్లా ఉచితం కాదు. అవాస్ట్ లాంటి పెద్ద పేరున్న కంపెనీయే, వాడేవాళ్ల బ్రౌజింగ్ వివరాలు సేకరించి జంప్‌షాట్ అనే తన అనుబంధ సంస్థ ద్వారా అమ్మిందని అమెరికా ఫెడరల్ ట్రేడ్ కమిషన్ కేసు పెట్టింది, 2024లో ఆ కంపెనీ కోటీ 65 లక్షల డాలర్లు కట్టడానికి ఒప్పుకుంది. జంప్‌షాట్‌ని 2020లోనే మూసేశారు. కంచే చేను మేయడం అంటే ఇదే. కాబట్టి ఏది ఇన్‌స్టాల్ చేసినా సెట్టింగ్స్‌లో ప్రైవసీ పేజీకి వెళ్లి, డేటా షేరింగ్ అని ఉన్నవన్నీ తీసేయండి, రెండు నిమిషాల పని.

ఇప్పుడే చూసుకోవాల్సినవి

స్టార్ట్‌లో విండోస్ సెక్యూరిటీ అని టైప్ చేసి తెరవండి. వైరస్ అండ్ థ్రెట్ ప్రొటెక్షన్‌లో మేనేజ్ సెట్టింగ్స్ నొక్కితే రియల్ టైమ్ ప్రొటెక్షన్, క్లౌడ్ ప్రొటెక్షన్, టాంపర్ ప్రొటెక్షన్ కనిపిస్తాయి, మూడూ ఆన్‌లో ఉండాలి. టాంపర్ ప్రొటెక్షన్ అంటే వేరే ప్రోగ్రామ్‌లు వచ్చి ఈ సెట్టింగ్స్‌ని మార్చకుండా వేసే తాళం. అదే పేజీలో ఇంకా కిందకి వెళ్తే ఎక్స్‌క్లూజన్స్ ఉంటుంది, అది తెరిచి చూడండి. మీరు పెట్టనిది ఏదుంటే అది తీసేయండి. ఈ రాసినదంతా చదివి ఈ ఒక్క పనే చేసినా నాకు సంతోషమే.

తర్వాత యాప్ అండ్ బ్రౌజర్ కంట్రోల్‌లో రెప్యుటేషన్ బేస్డ్ ప్రొటెక్షన్ లోపల పొటెన్షియల్లీ అన్‌వాంటెడ్ యాప్ బ్లాకింగ్ అని ఉంటుంది. పూర్తిగా వైరస్ అనలేం కానీ పక్కదారిన వచ్చి చేరే టూల్‌బార్లు, "పీసీ క్లీనర్లు" లాంటివాటిని ఆపేది ఇదే, రెండు టిక్కులూ పెట్టండి.

రోజూ వాడే అకౌంట్ అడ్మిన్ కాకుండా స్టాండర్డ్ అకౌంట్ చేసుకుంటే ఇంకా మంచిది. అడ్మిన్ పాస్‌వర్డ్ అడిగిన ప్రతిసారీ ఎందుకు అడుగుతోందని ఆలోచించడానికి మనకో నిమిషం దొరుకుతుంది. అమీర్‌పేటలో కోర్సు చేస్తున్న పిల్లలు ఇన్‌స్టిట్యూట్ నుంచి తెచ్చే పెన్‌డ్రైవ్ ఉందనుకోండి, పెట్టగానే తెరవకుండా ఆ డ్రైవ్ మీద రైట్ క్లిక్ కొట్టి డిఫెండర్‌తో స్కాన్ చేయడం అలవాటు చేయండి.

విండోస్ 10 వాడేవాళ్లకి ఒక మాట. 2025 అక్టోబర్ 14తో దానికి మామూలు సెక్యూరిటీ అప్‌డేట్లు ఆగిపోయాయి. డిఫెండర్‌కి కొత్త వైరస్‌ల వివరాలు ఇంకా వస్తున్నాయి కదా అని నిశ్చింతగా ఉండొద్దు, కాపలావాడు మేలుకునే ఉన్నా గోడకి పడ్డ కన్నం పూడ్చేవాళ్లు లేరు. మీ కంప్యూటర్‌కి విండోస్ 11 సరిపోతే దానికి మారండి, సరిపోకపోతే సెట్టింగ్స్‌లో అప్‌డేట్ పేజీలో అదనపు అప్‌డేట్ల స్కీమ్‌లో చేరండి.

అనుమానం వచ్చాక ఏం చేయాలి

ముందు ఒక దొంగ భయాన్ని తీసేద్దాం. స్క్రీన్ కింద కుడి మూలన, గడియారం పైన, ఎర్ర బొమ్మతో "మీ కంప్యూటర్‌లో 5 వైరస్‌లు ఉన్నాయి, వెంటనే స్కాన్ చేయండి" అని టకటకా వస్తుంటుంది చూశారా. మా బాబాయి దాన్ని చూసి రాత్రంతా నిద్రపోలేదు. ఆ డబ్బాలో చిన్న అక్షరాల్లో బ్రౌజర్ పేరూ, దాని పక్కన ఏదో అర్థంకాని సైట్ పేరూ ఉంటాయి, దగ్గరగా చూడండి. అలా ఉంటే అది వైరస్ కాదు, ఎప్పుడో సినిమా చూడబోయినప్పుడో, ఫైల్ దించుకోబోయినప్పుడో "అలౌ" నొక్కిన సైట్ పంపిస్తున్న నోటిఫికేషన్. క్రోమ్‌లో సెట్టింగ్స్, ప్రైవసీ అండ్ సెక్యూరిటీ, సైట్ సెట్టింగ్స్, నోటిఫికేషన్స్ వరకు వెళ్లి, అనుమతి ఉన్న సైట్ల లిస్టులో ఆ పేరు పక్కన మూడు చుక్కలు నొక్కి బ్లాక్ చేయండి. అంతే, ఆగిపోతుంది.

దాని మీద మాత్రం నొక్కకండి. అది తీసుకెళ్లేది దొంగ యాంటీవైరస్ దగ్గరికో, ఫోన్ నంబర్ ఉన్న పేజీకో. మైక్రోసాఫ్ట్ నిజమైన ఎర్రర్ మెసేజ్‌లలో ఎప్పుడూ ఫోన్ నంబర్ ఉండదు. స్క్రీన్ నిండా వచ్చి కదలనివ్వకపోతే ఎస్కేప్ కీ కాసేపు నొక్కి పట్టుకోండి, లేదా ఆల్ట్, ఎఫ్4 కలిపి నొక్కండి, అదీ కాకపోతే టాస్క్ మేనేజర్ నుంచి బ్రౌజర్‌ని మూసేయండి. ఎవరో ఫోన్‌లో చెప్పారని స్క్రీన్ షేరింగ్ యాప్ మాత్రం ఇన్‌స్టాల్ చేయకండి.

నిజంగానే ఏదో ఉందనిపిస్తే, మొదట ఇంటర్నెట్ తీసేయండి. ఇన్‌స్టాల్డ్ యాప్స్ లిస్టుని తేదీ వరసలో పెట్టి, తేడా మొదలైన రోజుల్లో ఏం చేరిందో చూసి, అక్కర్లేనిది తీసేయండి. బ్రౌజర్ ఎక్స్‌టెన్షన్లు ఒక్కొక్కటీ చూడండి, ఎందుకు పెట్టారో గుర్తు లేనిది ఉండాల్సిన పని లేదు. ఇంట్లో సొంత కంప్యూటరే అయినా క్రోమ్ మెనూలో మీ ఆర్గనైజేషన్ మేనేజ్ చేస్తోందని కనిపిస్తే ఇంకొంచెం జాగ్రత్తగా ఉండండి. కొన్ని సెక్యూరిటీ సాఫ్ట్‌వేర్లు కూడా అలా పెడతాయి, అలాంటిదేం లేకుండా వచ్చిందంటే ఏదో ప్రోగ్రామ్ మీ బ్రౌజర్‌కి తన రూల్స్ పెట్టిందన్నమాట.

తర్వాత నెట్ కలిపి, డిఫెండర్‌ని అప్‌డేట్ చేసి, ఎక్స్‌క్లూజన్స్ ఖాళీ చేసి ఫుల్ స్కాన్ పెట్టండి. రాత్రి పడుకునేముందు పెడితే పొద్దుటికి అయిపోతుంది, ల్యాప్‌టాప్ ఛార్జింగ్‌లో ఉంచి, స్లీప్‌లోకి వెళ్లకుండా చూడండి. అది అయ్యాక స్కాన్ ఆప్షన్స్‌లోనే ఆఫ్‌లైన్ స్కాన్ అని ఉంటుంది. తెరిచిన ఫైళ్లన్నీ సేవ్ చేసి దాన్ని నొక్కితే కంప్యూటర్ రీస్టార్ట్ అయి, విండోస్ పూర్తిగా లేవకముందే వెతుకుతుంది. దాదాపు 15 నిమిషాలు. లోపల దాక్కోవడం నేర్చినవాటికి లేచే అవకాశమే ఇవ్వదు కాబట్టి నాకు దీని మీద గురి ఎక్కువ.

రెండో అభిప్రాయం కూడా తీసుకోండి, డాక్టర్ల దగ్గర తీసుకోమా. మైక్రోసాఫ్ట్ సేఫ్టీ స్కానర్ ఉచితం, ఇన్‌స్టాల్ చేయక్కర్లేదు, కానీ దించుకున్న 10 రోజులకి చెల్లదు, మళ్లీ కొత్తది దించుకోవాలి. మాల్‌వేర్‌బైట్స్ ఉచిత వెర్షన్ కాపలా కాయదు కానీ అడిగినప్పుడు స్కాన్ చేసి శుభ్రం చేస్తుంది, యాడ్‌వేర్ గొడవ అయితే వాళ్లదే ఏడీడబ్ల్యూ క్లీనర్ ఉంది. ఇవన్నీ ఆయా కంపెనీల సొంత సైట్ల నుంచే దించుకోండి, సెర్చ్‌లో పైన వచ్చే యాడ్ లింకు నొక్కి కాదు. దొరికిన వాటిని క్వారంటైన్‌లో పెట్టమంటే పెట్టండి, డిలీట్ కంగారు అక్కర్లేదు, క్వారంటైన్‌లో ఉన్నది నడవదు.

ఇన్ఫోస్టీలర్ లాంటిది దొరికిందంటే మాత్రం నేను స్కాన్‌తో సరిపెట్టుకోను. పిన్ని ల్యాప్‌టాప్‌లో ఫోటోలు, డిజైన్ ఫైళ్లు మాత్రమే ఒక హార్డ్ డిస్క్‌లోకి తీసి, సెటప్ ఫైళ్లన్నీ వదిలేసి, సెట్టింగ్స్‌లో రికవరీ నుంచి రీసెట్ దిస్ పీసీ, రిమూవ్ ఎవ్రీథింగ్, క్లౌడ్ డౌన్‌లోడ్ అని పెట్టి మొత్తం కొత్తగా వేశాను. సాయంత్రం అంతా పట్టింది. కానీ ఆ రాత్రి ఆవిడ టెన్షన్ లేకుండా పడుకుంది.

పాస్‌వర్డ్‌లు ఎక్కడ మార్చాలి

ఆ కంప్యూటర్‌లో కాదు. శుభ్రంగా ఉందని నమ్మకమున్న ఫోన్‌లోనో, వేరే కంప్యూటర్‌లోనో మార్చండి. మెయిల్‌తో మొదలుపెట్టండి, ఎందుకంటే మిగతా అన్నిటికీ తాళాలు మెయిల్‌కే వస్తాయి, తర్వాత బ్యాంకు, ఆ తర్వాత మిగతావి. మార్చినవెంటనే అకౌంట్ సెక్యూరిటీలో మీ డివైజ్‌లు అని ఉన్న చోటికి వెళ్లి అన్నిచోట్లా సైన్ అవుట్ కొట్టండి. దొంగ చేతిలో ఉన్న చీటీ చెల్లకుండా పోయేది అప్పుడే. వాట్సాప్‌లో లింక్డ్ డివైజెస్ కూడా చూడండి. తర్వాత టూ స్టెప్ వెరిఫికేషన్ (పాస్‌వర్డ్‌తో పాటు ఇంకో కోడ్ కూడా అడిగేది) పెట్టండి.

డబ్బు పోయి ఉంటే ఇదంతా పక్కన పెట్టి ముందు 1930కి ఫోన్ చేయండి, సైబర్‌క్రైమ్ డాట్ గవ్ డాట్ ఇన్‌లో ఫిర్యాదు పెట్టండి, బ్యాంకుకి చెప్పండి. ఎంత తొందరగా చెప్తే ఆ డబ్బు అవతలి ఖాతాలో ఆగే అవకాశం అంత ఎక్కువ. పరువు పోతుందని, ఇంట్లో తిడతారని ఆలస్యం చేయొద్దు, మోసం చేసింది వాళ్లు, మీరు కాదు.

మళ్లీ క్రాక్ దగ్గరికే వస్తున్నాను, పిన్ని అడిగిన ప్రశ్న కోసం. "మరి కార్డులు ఎలా చేయాలి, అన్నీ కొనాలంటే నా వల్ల అవుతుందా" అంది. న్యాయమైన ప్రశ్నే. యూనికోడ్‌లో (ఏ కంప్యూటర్‌లోనైనా అక్షరాలు సరిగ్గా కనిపించే పద్ధతిలో) మంచి తెలుగు ఫాంట్లు ఇప్పుడు ఉచితంగా దొరుకుతున్నాయి, గూగుల్ ఫాంట్స్‌లో రామభద్ర, మండలి, సురన్న, తిమ్మన, పెద్దన, తెనాలి రామకృష్ణ ఇలా చాలా ఉన్నాయి, దించుకుని వాడుకోవడానికి ఎవరికీ రూపాయి కట్టక్కర్లేదు. డిజైన్‌కి ఇంక్‌స్కేప్ ఉంది, అదీ ఉచితమే. పాత ఫైళ్లు ఆ డీటీపీ ఫాంట్లలో ఉన్నవి తెరిస్తే అక్షరాలు పిచ్చిపిచ్చిగా వస్తాయి, వాటిని మళ్లీ టైప్ చేసుకోవాల్సిందే, అందులో కష్టం ఉంది, లేదని చెప్పను. ఆవిడ మొదటి వారం బాగా విసుక్కుంది. పోయిన నెలలో వెళ్తే, తెనాలి రామకృష్ణలో కూర్చిన శుభలేఖ ప్రూఫ్ ఒకటి చేతికిచ్చి, వధువు పేరులో వత్తు సరిగ్గా పడిందో లేదో చూడమంది.